లాగడం వేరు, మోయడం వేరు

పోయిన నెలలో ఒక శనివారం మా అమ్మాయి హారిక, అల్లుడు కలిసి ట్రక్కుకి తగిలించుకుని తిరిగే ట్రైలర్ చూడడానికి వెళుతూ నన్నూ రమ్మన్నారు. మేముండే కెనడాలోని సర్రీ దాటి లాంగ్లీ వైపు వెళితే హైవే పక్కన అలాంటి యార్డులు వరసగా ఉంటాయి. వాళ్ళు మోజుపడ్డది ఫిఫ్త్ వీల్ ట్రైలర్. లోపల పెద్ద మంచం, వంటగట్టు, స్నానాల గది, పిల్లలిద్దరికీ ఒకదాని మీద ఒకటిగా రెండు పడకలు, ఒక చిన్న ఇల్లే. అమ్మే ఆయన చాలా మర్యాదస్తుడు. అల్లుడి పికప్ ట్రక్కు పేరు అడిగి, ఫోన్‌లో ఏదో చూసి, ఇది పన్నెండు వేల పౌండ్లు లాగుతుంది, ట్రైలర్ తొమ్మిదిన్నర వేలే, ఇంకా బోలెడంత మిగులుందని తేల్చేశాడు. అందరూ తలలూపారు. నేను మాత్రం వెళ్ళి ట్రక్కు డ్రైవర్ తలుపు తెరిచి, తలుపు మూసుకునే చోట అంటించి ఉన్న స్టిక్కర్ మీదికి వంగి కళ్ళజోడు సర్దుకున్నాను. మనుషులూ సామానూ కలిపి ఆ ట్రక్కు పదహారు వందల యాభై పౌండ్లకి మించి మోయకూడదని దాని మీద రాసి ఉంది. సామాన్లు సర్దాక ఆ ట్రైలర్ ముక్కు ఒక్కటే ట్రక్కు నడుము మీద రెండు వేల పౌండ్లు పెడుతుంది. "మీరు నలుగురూ ఎక్కకముందే నిండిపోతుందే," అన్నాను. అమ్మే ఆయన నా చీర వంక, చేతిలోని కళ్ళజోడు వంక చూసి, ఇంకో మోడల్ చూపిస్తానన్నాడు. ఆ రోజుకి మేం కొనకుండానే వచ్చేశాం. తిరిగి వస్తుంటే ట్రక్కులో హారిక, "అమ్మా, హౌ డు యూ ఈవెన్ నో దిస్?" అంది. చెప్పడం మొదలుపెట్టాను గానీ ఇల్లు వచ్చేసింది. ఆ కాస్త దారిలో చెప్పగలిగేది కాదు.

మేము అమెరికా వదిలి సర్రీకి వచ్చిన కొత్తలో ఒక ఇంటి బేస్‌మెంటులో అద్దెకు దిగాం. నాకు పాతికేళ్ళు. మా ఆయన రవికి వాంకూవర్‌లో ఉద్యోగం. పొద్దున్నే స్కైట్రెయిన్ ఎక్కితే మళ్ళీ చీకటి పడే వేళకే రావడం. నా వర్క్ పర్మిట్ ఇంకా రాలేదు. హైదరాబాదులో లెక్కల్లో ఎమ్మెస్సీ చేసినదాన్ని, పొద్దస్తమానం పైకప్పు వంక చూస్తూ పైనింటి వాళ్ళ అడుగుల చప్పుడు వినడమే పని. ఇంటాయన చెంగయ్య అంకుల్. పుట్టింది ఫిజీలో. వాళ్ళ తాతను నెల్లూరు పక్క నుంచి చెరుకు కొట్టడానికి ఓడ ఎక్కించి తీసుకుపోయారట. ఆయన తల్లితో తెలుగు, భార్యతో ఫిజీ హిందీ, బయట ఇంగ్లీషు మాట్లాడేవారు. మూడింటిలోనూ తక్కువే మాట్లాడేవారు. ఆంటీకి ఆసుపత్రి లాండ్రీలో ఉద్యోగం, ఒకటే షిఫ్టులు. పగలంతా ఇంట్లో ఉండేది అంకుల్ తల్లి అవ్వ, కింద నేను.

బేస్‌మెంటులో కాపురం చేసినవాళ్ళకి తెలుస్తుంది, పైన ఏం వండుతున్నారో చెప్పడానికి మెట్లెక్కక్కర్లేదు. వేడి గాలి వచ్చే సందుల్లోంచి అంతా దిగి వస్తుంది. తొమ్మిదింటికి ఆవాలు చిటపటలాడిన వాసన, పదకొండింటికి కొబ్బరిపాలలో చేమాకు ఉడుకుతున్న వాసన, ఆదివారమైతే డబ్బా చేపల కూర. మేం శాకాహారులం. మొదటి నెల ఆ చేపల వాసనకి కిటికీ తెరుచుకుని చలిలో కూర్చునేదాన్ని. రెండో నెలకి కొబ్బరిపాల వాసన రాకపోతే అవ్వకు ఒంట్లో బాగాలేదేమోనని పైకి పరిగెత్తేదాన్ని. అవ్వ కిటికీ దగ్గర పీట మీద కూర్చుని కొబ్బరి తురిమేది. పెరట్లో పెద్ద ప్లాస్టిక్ తొట్లలో చేమ పెంచేది. తలంటుకున్న రోజున తలకి చిన్న తువ్వాలు చుట్టుకుని, ఎండ ఎటు జరిగితే అటు పీట జరుపుకునేది. తుంటి ఎముకకి ఆపరేషన్ అయింది, గంటన్నరకు మించి కూర్చోలేదు, లేచి పడుకోవాల్సిందే. నన్ను చూసిన మొదటి రోజే, "కూడు తింటివా అమ్మే?" అని అడిగింది. ఆ మాట మా ఇంట్లో మా నాయనమ్మ తరంతోనే పోయింది. రెండు సముద్రాలు దాటి, తరాలు దాటి, ఈ మంచు ఊళ్ళో ఒక మేడ మెట్ల మీద నాకు ఎదురైంది.

అంకుల్ ట్రైలర్లు అమ్మే ఒక యార్డులో పనిచేసేవారు. ట్రక్కులకి ఫిఫ్త్ వీల్ పళ్ళెం బిగించడం ఆయన పని. మామూలు ట్రైలర్‌ని బండి వెనక కొక్కేనికి తగిలిస్తారు. ఇది అలా కాదు. ట్రక్కు తొట్టి మధ్యలో, వెనక చక్రాల ఇరుసుకి పైన, ఇనప పళ్ళెం లాంటిది బిగిస్తారు. ట్రైలర్ ముక్కు కింద ఉండే ఉక్కు పిన్ను వచ్చి అందులో కూర్చుంటుంది. అంటే ట్రైలర్ బరువులో సుమారు ఐదోవంతు వెనక వేలాడదు, ట్రక్కు వీపు మీదే ఉంటుంది. ఇది నాకు అంకుల్ చెప్పిందే. శనివారాల్లో గుడిలో తెలిసినవాళ్ళు ట్రక్కుల కేటలాగులు పట్టుకుని ఇంటికి వచ్చేవారు. ఆయన కేటలాగు తెరిచేవారు కాదు. "ఎవురెవురు కూర్చుంటారు బండిలో?" అని అడిగేవారు. వచ్చినావిడ బొద్దుగా ఉంటే, ఎంత బరువుంటారమ్మా అని మొహమాటం లేకుండా అడిగేవారు. ఆంటీ లోపల నుంచి గిన్నెలు చప్పుడు చేసేది. కాగితం మీద లాగుతుందని రాసే బరువు ఒక్క డ్రైవరు, ఖాళీ బండి అనుకుని రాస్తారు, మీ అత్తగారు, మీ బియ్యం మూట అందులో లేవు అని చెప్పి, చాలామందిని వద్దని పంపించేసేవారు. కొందరు వేరేచోట బిగించుకుని, తిరిగి వచ్చి, ఏమీ కాలేదు చూశారా అని నవ్వేవారు. ఆయన కూడా నవ్వి, టీ తాగి వెళ్ళమనేవారు.

ఆ ఏడు ఎండలు మొదలైన రోజుల్లో వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఎడ్మంటన్ నుంచి ఫోన్ వచ్చింది. అవ్వ చెల్లెలు మంగమ్మ అక్కడ కొడుకు దగ్గర ఉండేది. ఫిజీ వదిలాక అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు, ఫోన్‌లో గొంతులే. మంగమ్మకు పక్షవాతం వచ్చిందని, మాట కొంచెం తడబడుతున్నా మాట్లాడుతోందని, అక్కను చూడాలంటోందని కొడుకు చెప్పాడు. అవ్వను విమానం ఎక్కించవద్దని గుండె డాక్టరు అంతకు ముందే చెప్పి ఉన్నాడు. కారులో అన్ని గంటలు కూర్చోలేదు. అంకుల్ రెండు రోజులు యార్డు నుంచి ఆలస్యంగా వచ్చారు. మూడో రోజు ఒక పాత ఫిఫ్త్ వీల్‌ని తన ట్రక్కుకి తగిలించి తెచ్చి ఇంటి ముందు నిలబెట్టారు. గంటకోసారి ఆపి అవ్వను తన సొంత మంచం మీద పడుకోబెట్టవచ్చు, బాత్‌రూమ్ ఉంటుంది, గంజి కాచుకోవచ్చు. ఆంటీకి సెలవు దొరకలేదు. అవ్వకు ఆడతోడు కావాలి కాబట్టి నన్ను రమ్మన్నారు. నేను ఎగిరి గంతేశాను. ఆరు నెలలుగా నేను చూసిన కెనడా అంటే ఆ కిటికీ, ఆ పెరడు.

అందరికీ తూచి కొనమని చెప్పే మనిషి, తల్లి కోసం తొందరపడి, ట్రైలర్ మీద రాసిన బరువు చూసి కొనేశారు. ముందు వాడుకున్నవాళ్ళు దాని ముక్కులో జనరేటరు పెట్టించారు, బరువైన చెక్క అలమరాలు చేయించారు, అదనంగా బ్యాటరీలు పెట్టారు. బయలుదేరే ముందు రోజు ఆయన నన్నూ అవ్వనూ ఎక్కించుకుని కంకర యార్డులో ఉన్న కాటా దగ్గరికి తీసుకువెళ్ళారు. డీజిల్ నిండుగా, మేం ముగ్గురం సీట్లలో. మొదట ఒట్టి ట్రక్కు తూచారు. తర్వాత ట్రైలర్ తగిలించి, ట్రక్కు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలబెట్టి మళ్ళీ తూచారు. పెరిగిందంతా ఆ పిన్ను మీద పడ్డ బరువు. దానికి మా ముగ్గురి బరువూ కలిపి, ట్రక్కు తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉన్న అంకె పక్కన రాసుకున్నారు. రెండు వందల పౌండ్లు ఎక్కువ.

ఆ సాయంత్రమంతా ఆయన ట్రైలర్‌లోంచి సామాను దింపారు. జనరేటరు విప్పేశారు, సోఫా తీసేశారు, నీళ్ళ ట్యాంకు ఖాళీ చేశారు. ముక్కు దగ్గర తీసిన బరువు పూర్తిగా తగ్గుతుంది గానీ, మిగతా ట్రైలర్‌లో ఐదు పౌండ్లు తీస్తే పిన్ను మీద తగ్గేది ఒక్క పౌండే. మర్నాడు మళ్ళీ కాటా. ఇంకా వంద పౌండ్లు ఎక్కువే. ఆయన ట్రక్కు ఇంటి ముందు ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, ఈ బండితో పోలేం అన్నారు. ఆయన స్నేహితుడు గుర్మీత్ సింగ్ గారికి వెనక నాలుగు చక్రాలున్న పెద్ద ట్రక్కు ఉంది, పని మీద ఉత్తరాన ఎక్కడో ఉన్నారు, తొమ్మిది రోజుల్లో వస్తారు, అప్పుడు పోదాం అన్నారు. అవ్వ కట్టుకున్న మూట విప్పలేదు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. ఆ మధ్యాహ్నం వంటింట్లో అవ్వ నన్ను, "వాడు చెప్పేది నిజమా అమ్మే?" అని అడిగింది. నేను ట్రక్కుతో వచ్చిన పుస్తకం తిరగేసి ఉన్నాను. లెక్కల మనిషిని, అంకెలంటే నాకు తెలుసుననుకునేదాన్ని. "పుస్తకంలో పన్నెండు వేలు లాగుతుందని రాసుందవ్వా. మనది పదిన్నర కూడా లేదు. వంద పౌండ్లకి ఏం కాదు. అంకులే భయపడుతున్నారు," అన్నాను. నాకు ఊరు చూడాలని ఉంది, ఆ తొందర ఆ మాటల్లో ఎంతుందో అప్పుడు నాకే తెలియదు. సాయంత్రం అంకుల్ వచ్చి బూట్లు విప్పుతుంటే అవ్వ పీట మీద నుంచే అంది. "చదూకున్న పిల్ల పోవచ్చని చెప్తా ఉంది. బండికి బరువు కాదురా, నీకే మనసు లేదు." ఆయన ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా నా వంక చూశారు. కోపంగా కాదు. ఏదో వెతుకుతున్నట్టు చూసి, తల వంచుకుని రెండో బూటు విప్పుకున్నారు. ఆ రోజు నుంచి అవ్వ ఆయనతో మాట్లాడడం మానేసింది. కంచంలో వడ్డించేది గానీ పిలిచేది కాదు.

రెండు రోజుల తర్వాత ఆయన నన్ను యార్డుకు తీసుకువెళ్ళారు. సంజాయిషీ అడగడానికి అనుకున్నాను. బాగు చేయడానికి వచ్చిన ఒక ట్రక్కు కిందికి వంగి చూడమన్నారు. వెనక ఇరుసు పైన చట్రం మీద వెంట్రుక లాంటి గీత ఉంది. ఎవరో ఐదేళ్ళు బరువు ఎక్కువ వేసుకుని తిరిగారట, వాళ్ళకి ఏమీ కాలేదట. "లాగేది వేరే, మోసేది వేరే, అమ్మాయ్," అన్నారు. "ఇంజన్‌కి బలముంటే లాగతాది. ఆపేది, వంపులో నిలబడేది, ఇరుసు, టైరు. వాటి సంగతి ఆ పన్నెండు వేలల్లో లేదు." అంతే. నేను అవ్వతో అన్న మాట గురించి ఒక్క ముక్క కూడా అడగలేదు. అడిగి ఉంటే తప్పయిందనేదాన్ని. అడగలేదు కాబట్టి నేనూ అనలేదు.

తొమ్మిదో రోజున గుర్మీత్ సింగ్ గారు ట్రక్కు తెచ్చి తాళాలు ఇచ్చి, ఒక డబ్బా నిండా పిన్నీలనే పంజాబీ లడ్డూలు కూడా ఇచ్చి వెళ్ళారు. పళ్ళెం విప్పి ఆ ట్రక్కుకి బిగించి, మళ్ళీ కాటాకెళ్ళి తూచి, మర్నాడు బయలుదేరాం. హోప్ అనే ఊరు దాటాక కొండలు మొదలయ్యాయి. ఎక్కుడు అయ్యాక దిగుడు, దిగుడు అయ్యాక వంపు. అంకుల్ తక్కువ గేరులో, బ్రేకు మీద కాలు ఎక్కువసేపు ఉంచకుండా దింపేవారు. వెనక ఆ ఇల్లంతా మా వెంట నెమ్మదిగా వచ్చేది. దారిలో ఏమీ జరగలేదు. ఒక టైరు పేలలేదు, ఒక బ్రేకు వేడెక్కలేదు. గంటకోసారి ఆపడం, నేను అవ్వను నడిపించి మంచం మీద పడుకోబెట్టడం, గంజి వెచ్చబెట్టడం, ఆయన చుట్టూ తిరిగి టైర్ల మీద అరచెయ్యి పెట్టి చూడడం. కామ్‌లూప్స్‌లో ఒక రాత్రి ఆగాం, జాస్పర్‌లో ఇంకో రాత్రి. అవ్వ నాతో కొండల గురించి, మంచు గురించి మాట్లాడింది. కొడుకుతో మాట్లాడలేదు. అంత దారిలో ఒక్కసారైనా ఏదైనా విరిగితే బాగుండును, ఆయన మాట నిజమని తేలును అని నేను అనుకున్నాను. అంతలోనే అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

ఎడ్మంటన్‌లో మంగమ్మ కొడుకు గుమ్మంలోనే చెప్పాడు. నాలుగు రోజుల క్రితం రెండోసారి పక్షవాతం వచ్చింది. ఇప్పుడు మాట లేదు, మనిషిని గుర్తుపడుతోందో లేదో డాక్టర్లూ చెప్పలేకపోతున్నారు. నేను మనసులో రోజులు లెక్కపెట్టాను. మేం మొదట అనుకున్న రోజున బయలుదేరి ఉంటే పది రోజుల ముందే చేరేవాళ్ళం. అంకుల్ కూడా లెక్కపెట్టారని ఆయన మొహం చూస్తే తెలిసింది. అవ్వ మాత్రం కర్ర పట్టుకుని నేరుగా గదిలోకి వెళ్ళి, మంచం మీద చెల్లెలి పక్కన చోటు చేసుకుని కూర్చుంది. "మంగా, నేనే. పెద్దదాన్ని," అంది. మంగమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. చెయ్యి కదల్లేదు. అవ్వ ఏడవలేదు. చెల్లెలి జుట్టు చిక్కులు వేళ్ళతో విడదీస్తూ, చెరుకు తోటలో ఇద్దరూ గడ్డిమోపులు మోసిన రోజుల సంగతులు, నాకు తెలియని పేర్లు, చెబుతూ కూర్చుంది. గంటన్నర దాటినా లేవలేదు. నేను లేపబోతే చేత్తో వద్దంది.

అక్కడ పన్నెండు రోజులున్నాం. వాళ్ళ ఇంటి ముందే ట్రైలర్ నిలిపాం. అవ్వ పొద్దున్నే ట్రైలర్ పొయ్యి మీద కొబ్బరిపాలలో బియ్యం మెత్తగా ఉడికించి, చల్లార్చి, చెంచాతో చెల్లెలికి పెట్టేది. కొడుకు పెడితే సగం కారిపోయేదట. అవ్వ పెడితే మింగేది. నాలుగో రోజున గిన్నె కడుగుతూ నేను తట్టుకోలేక చెప్పేశాను. "అవ్వా, ఆ రోజు నేను చెప్పింది తప్పు. అంకుల్‌ది భయం కాదు. నాకు తెలియక చెప్పాను." అవ్వ గిన్నె నా చేతిలోంచి తీసుకుని తుడిచింది. "నాకు తెలుసు అమ్మే. వాడు నా కడుపున పుట్టినోడు, వాడి మనసు నాకు తెలవదా. కోపం పట్టుకోడానికి నాకొక మాట కావల్సొచ్చింది, నువ్విస్తివి." గిన్నె బోర్లించి, "దానికి మాట పోయింది గానీ మనిషి ఉండాది. ఆ మనిషి కాడికి వాడే తెచ్చినాడు కదా," అంది. ఆ మధ్యాహ్నం ట్రైలర్ మెట్ల దగ్గర నిలబడి, "చెంగయ్యా, కూడు తిందువు రా," అని పిలిచింది. ఆయన టైర్ల దగ్గర పని వదిలేసి, చేతులు కూడా సరిగ్గా తుడుచుకోకుండా వచ్చారు.

ఇప్పుడు నాకు ఆనాటి అంకుల్ వయసు దాటింది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. మా అల్లుడి ఫోన్‌లో ఒక యాప్ ఉంది, ట్రక్కు పేరు, ట్రైలర్ పేరు కొడితే ఆకుపచ్చ గీతో ఎర్ర గీతో చూపిస్తుంది. తప్పని అనను. కానీ అది ఎవరెవరు కూర్చుంటారని అడగదు, మూడేళ్ళ తర్వాత పిల్లలు ఎంత పెరుగుతారని అడగదు. అప్పట్లో ఆ ప్రశ్న అడగడానికి ఒక మనిషి ఉండేవాడు. ఆ మనిషి వద్దంటే కోపం తెచ్చుకోవడానికీ, టీ తాగి రావడానికీ ఒక ఇల్లు ఉండేది. జాగ్రత్త పడినవాళ్ళకి సాక్ష్యం దొరకదు. ఏమీ జరగలేదంటే జరిగేది కాదేమోనని కూడా అనుకోవచ్చు. పిల్లల విషయంలో, రవి జబ్బు విషయంలో, నేనూ ఎన్నోసార్లు ఆగమన్నాను. ఆగినందువల్ల ఏం తప్పిందో ఎన్నడూ తెలియలేదు. ఏం పోయిందో మాత్రం కొన్నిసార్లు స్పష్టంగా తెలిసింది.

ఆనాటి తిరుగు ప్రయాణంలో జాస్పర్ దాటాక ఒక చెరువు పక్కన ఆపాం. అవ్వ లోపల పడుకుంది. అంకుల్ ట్రైలర్ మెట్టు మీద కూర్చుంటే నేను ఎదురుగా బండ మీద కూర్చుని, అవ్వతో చెప్పిన క్షమాపణే ఆయనతోనూ చెప్పాను.

"నీ మాట తప్పు కాదేమో, అమ్మాయ్," అన్నారు. "వంద పౌండ్లే. ఆ బండి వచ్చుండునేమో. వచ్చుంటే మా అమ్మ పిన్నమ్మతో మాట్లాడుండును. ఆ సంగతి నాకు దినామూ తెలుస్తానే ఉంది."

"మరి?" అన్నాను.

"మళ్ళా అట్లాంటి దినమే వస్తే మళ్ళా ఆగతాను. వెనక సీట్లో మా అమ్మ ఉండె, నువ్వుంటివి. పోయిన మాట తిరిగి రాదని తెలిసే ఆగతాను."

ఆయన గొంతులో గర్వం లేదు, పశ్చాత్తాపం కూడా లేదు. లోపల మంచం కిర్రుమంది. అవ్వ లేచి, టీ ఉందా అని అడిగింది. ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, పొయ్యి వెలిగించడానికి లోపలికి వెళ్ళారు.